నోట్లో ఊట

నోరూరడం అన్న మాట మా ఇంట్లో మానేసి రెండేళ్ళు దాటింది. ఎవరూ వద్దనలేదు. పనసపొట్టు కూరకి ఆవ పెట్టేటప్పుడు అలవాటుగా నోటిదాకా వస్తుంది, పక్కన మా అత్తగారు కూర్చుని ఉంటారు, ఆపేసుకుంటాను. తెలుగు బి.ఏ. చదివినదాన్ని కాబట్టి మాటల దగ్గర ఆగిపోవడం నాకున్న జబ్బు. గుటక వేయడం, చప్పరించడం, లొట్టలు వేయడం... తిండి గురించి మనకున్న మాటల్లో సగం ఉమ్మి మీదే నడుస్తున్నాయని ఈ రెండేళ్ళలోనే గమనించాను. ఉమ్మి అంటే అసహ్యం, లాలాజలం అంటే సైన్సు పాఠం. మా అత్తగారు మాత్రం దాన్ని ఊట అంటారు. "బావిలో ఊట పోయినట్టు పోయింది కోడలా" అంటారు.

ఆవిడకి అంగిట్లో క్యాన్సర్ వచ్చింది. మా వైపు వాళ్ళకి కారణం చెప్పనక్కర్లేదు. మిగతా జిల్లాల వాళ్ళ కోసం చెబుతున్నాను: అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఈ అలవాటు మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువ. పిండ్‌బోర్గ్ అనే డెన్మార్క్ డాక్టరు, మన దేశపు పరిశోధకులతో కలిసి ఇక్కడి పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి రాసిన పేపరు 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చింది. అంటే మా అత్తగారు ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడే మా ఊళ్ళ అంగిళ్ళ సంగతి ప్రపంచానికి తెలుసు. ఆవిడకి మాత్రం తెలీదు. పద్నాలుగో ఏట వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నారట. "వానలో ఊడుపులకెళ్తే చుట్ట ఆరిపోదమ్మా, అందుకు" అని చెప్పారు నాకు, చాలా మామూలుగా.

విశాఖలో ఆపరేషన్ చేశారు. అంగిట్లో కోసిన చోట మూతలాగా ఒక ప్లేటు అమర్చారు. ఆ తర్వాత ముప్పైమూడు కరెంట్లు. రేడియేషన్‌ని మా ఊళ్ళో అందరూ కరెంటు పెట్టడం అనే అంటారు, నాకూ అదే నోటికొచ్చేసింది. ఇప్పుడు చెకప్‌కి వెళ్ళిన ప్రతిసారీ బాగుందనే చెబుతున్నారు. చుట్టాలు వచ్చి, "తగ్గిపోయింది గదా, ఇంకేటి?" అని కాఫీ తాగి వెళ్ళిపోతారు. ఆ "ఇంకేటి" గురించే నేను రాస్తున్నది.

డాక్టరు గారు బొమ్మ గీసి చెప్పారు. చెవుల ముందు ఒక జత, దవడ కింద ఒక జత, నాలుక కింద ఒక జత, ఇవి పెద్ద గ్రంథులు. అన్నీ కలిసి రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం తయారుచేస్తాయట. కరెంటు క్యాన్సర్ మీదకే పంపినా దారిలో ఇవీ దెబ్బ తింటాయి. ఎంత దెబ్బ తిన్నాయన్నదాన్ని బట్టి ఏడాది, రెండేళ్ళలో కొంత తిరిగి రావచ్చు, కొందరికి పెద్దగా రాదు. అత్తగారికి కొంచెం వచ్చింది. అదీ జిగురుగా, దారంలా సాగుతుంది.

మా రాజాం వైపు వాతావరణం దీనికి అస్సలు కలిసిరాదు. పుష్యమాసంలో పొడి చలి. పెదాలు పగిలి నెత్తురొస్తుంది. మే నెలలో పడమటి గాలి తిరిగిందంటే ఆరేసిన చీర అరగంటలో ఫెళఫెళలాడుతుంది, మరి నోరెంత! కిందటి ఎండాకాలం రాత్రికి ఐదారుసార్లు లేచేవారు. నాలుక అంగిలికి, అంటే ఆ ప్లేటుకి, అతుక్కుపోయి మాట రాక మంచం కోడు మీద చెంబుతో కొట్టేవారు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ కలలో వినిపిస్తుంది. మధ్యలో రెండు వారాలు కళింగపట్నం వైపు ఉన్న మా ఆడపడుచు ఇంటికి పంపించాం. అక్కడ ఉక్కపోతకి అందరూ చిరాకు పడుతుంటే ఈవిడ ఒక్కరే హాయిగా నిద్రపోయారట! సముద్రపు గాలిలో తడి ఉంటుంది కదా. అప్పుడు వెలిగింది మాకు, తాగే నీళ్ళు ఎంత ముఖ్యమో గదిలో గాలీ అంతేనని. ఇప్పుడు ఆవిడ గదిలో ఏసీ వేయం, అది ఉన్న తడి కూడా లాగేస్తుంది. కిటికీకి వట్టివేళ్ళ తడక కట్టి సాయంత్రం నీళ్ళు చల్లుతాం. ఫ్యాను గాలి మొహం మీదకి రాకుండా మంచం జరిపాం. తలవైపు చిన్న స్ప్రే సీసాలో మంచినీళ్ళు. లేవకుండానే నోట్లో రెండుసార్లు కొట్టుకుంటారు. గ్లాసుడు నీళ్ళు ఒకేసారి తాగితే బాత్రూమ్‌కి లేవడమే తప్ప నోటికి ఒరిగేది లేదు. పడుకునే ముందు పెదాలకి వెన్న.

ఇక వంటగది. ఇది చెప్పడం మొదలుపెడితే నాకు ఆపబుద్ధి కాదు. మొదట్లో అందరూ మెత్తగా పెట్టమన్నారు. మెత్తగా ఉంటే చాలదండీ, జారాలి. ఇడ్లీ మెత్తనే, కానీ నోట్లో ఇసకలా నిలబడిపోతుంది. అరటిపండు మెత్తనే, ప్లేటుకి బంకలా అంటుకుంటుంది. అదే బెండకాయ! జిగురు పోవాలని మనం ఎండలో పెట్టి, మజ్జిగ చల్లి నానా తంటాలు పడతామా, ఆ జిగురే ఈవిడకి కావాలి. లేత బెండకాయలు పలచని పప్పుకట్టులో ఉడికించి, చింతపండు వేయకుండా పెడితే అన్నం దానంతట అదే దిగుతుంది. బచ్చలికూర కూడా అంతే. నానిన సబ్జా గింజలు మజ్జిగలో వేసిస్తే గంటసేపు నోటికి హాయిగా ఉందంటారు. చోడి అంబలి పొద్దున్నే ఎలాగూ ఉంది, కాకపోతే పులియనివ్వను. పులుపు, కారం, ఆవ తగిలితే భగ్గుమంటుంది. నిమ్మకాయ చప్పరిస్తే ఊట వస్తుందని పక్కింటావిడ సలహా ఇచ్చింది. ఊట మాట దేవుడెరుగు, రెండు రోజులు నాలుక మండిపోయింది. పైగా పులుపు పళ్ళని తినేస్తుందని డెంటిస్టు కోప్పడ్డారు.

పళ్ళ సంగతి చిన్నదే అనుకోకండి. కరెంటు పెట్టక ముందే డెంటిస్టుకి చూపించాలి. ఉమ్మి లేని నోట్లో పళ్ళు చాలా తొందరగా పుచ్చుతాయి, కరెంటు తగిలిన దవడలో పన్ను పీకితే ఎముక మానడం కష్టం. మేము వేపపుల్ల మాన్పించి మెత్తటి బ్రష్, రాత్రిపూట ఫ్లోరైడ్ జెల్ అలవాటు చేశాం. తిన్నాక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో పావు చెంచా వంట సోడా, అందులో సగం ఉప్పు వేసి పుక్కిలింత. నోట్లో తెల్లటి మచ్చలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించాలి, అది పూత కావచ్చు.

ఇవన్నీ బాగానే ఉన్నాయి. కానీ కిందటి మాఘంలో పక్క దుప్పటి దులుపుతుంటే తలగడ కింద చుట్ట దొరికింది. కాల్చిన చుట్ట కాదు, కొస నమిలి ఉంది. నాకు కాళ్ళు వణికాయి. ఆపరేషన్ అయ్యాక బయట కారిడార్‌లో మా ఆయన ఏడవడం చూసినదాన్ని. అడిగితే ఆవిడ దాచలేదు. "కాల్సనేదు కోడలా. నోట్లో ఎట్టుకుంటే కూసింత ఊట వత్తంది. నీళ్ళకి రాదు, నీ గింజలకి రాదు. దీనికొత్తంది" అన్నారు.

వెలిగించకపోయినా పొగాకు పొగాకే. ఆ మాట ఆవిడకీ తెలుసు. కానీ తెలిసి కూడా దాని దగ్గరికి వెళ్ళారంటే, ఆ ఎండు ఎంత భరించలేనిదో అప్పటిదాకా నా లెక్కలోకి రాలేదు. బలహీనత అని మా ఆయన అన్నారు. నేను ఒప్పుకోలేదు. దాహం వేసినవాళ్ళు బావి ఎవరిదని అడగరు కదా. చుట్ట కాగితంలో చుట్టి, రెండోరోజే ఆవిణ్ణి తీసుకుని విశాఖ బస్సెక్కాను. డాక్టరు గారి బల్ల మీద ఆ పొట్లం పెట్టి, ఆవిడన్న మాట ఆవిడ చేతే చెప్పించాను. ఆయన తిట్టలేదు. ఉబ్బసం ఉందా, కంట్లో ప్రెషర్ ఉందా, గుండె ఎలా ఉంది అని చూసి, పైలోకార్పిన్ మాత్ర రాశారు. మిగిలి ఉన్న గ్రంథుల్ని ఆ మాత్ర పనిచేయిస్తుందట. అందరికీ పడదు, సొంతంగా కొని వాడకండి. ఈవిడకి పడింది, కాకపోతే చెమటలు కారిపోతాయి. "నోటికి పోసిన నీళ్ళు ఒంటి మీంచి కారతన్నాయి" అని నవ్వుతారు. చుట్ట మళ్ళీ అడిగారు, ఒకసారి కాదు. చలికాలంలో ఎక్కువ. అలా అడిగిన రోజుల్లో ఇద్దరం వీధి అరుగు మీద కూర్చుని ఏదో ఒకటి మాట్లాడుకుంటాం, ఆ గంట గడిచిపోయేదాకా.

మొన్న మరిది కూతురి పెళ్ళిలో బంతిలో కూర్చోనన్నారు. అందరూ తిని లేచినా తన విస్తరి అలాగే ఉంటుందని సిగ్గు. ఆవిడకి భోజనానికి నలభై నిమిషాలు పడుతుంది, ముద్దకో గుటక నీళ్ళు. ఇంటినుంచి ఫ్లాస్కులో పప్పుకట్టు పట్టుకెళ్ళాను. ఆఖరి బంతిలో పక్కనే కూర్చుని నేనూ నెమ్మదిగా తిన్నాను. వడ్డించే కుర్రాడు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. చూడనీ. ఆవిడ బూరె కూడా తిన్నారు, నెయ్యిలో ముంచి, పప్పుకట్టులో నానబెట్టి. చూడ్డానికి ఘోరంగా ఉంది, ఆవిడకి మాత్రం నచ్చింది.

ఈ వారం మా వీధిలోకి ముంజలు వచ్చాయి. లేతవి ఏరి డజను తీసుకున్నాను. పైతొక్క ఒలిచి, ముక్కలు చేసి, కుండలో నీళ్ళలో వేసి ఉంచాను. మధ్యాహ్నం పడమటి గాలికి తలుపులు కొట్టుకుంటుంటే, ఆవిడ ఒక్కొక్క ముక్కే నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు అటూ ఇటూ తిప్పుకున్నారు. ఎనిమిది తిన్నాక, మిగిలినవి మనవడికి ఉంచమన్నారు.