దోర్నాలలో రెండు గంటలు

మార్కాపురము మీదుగా శ్రీశైలయాత్ర చేయువారికి కొండదిగువను దోర్నాల కడపటి మజిలీ. అచ్చటినుండి సుమారు 50 కిలోమీటర్ల త్రోవ నల్లమల యడవిలో మలుపులు తిరుగుచు నెక్కును. ఇది పెద్దపులుల రక్షితారణ్యము. రాత్రివేళ మృగములు రోడ్డు దాటునుగాన వాహనములను గేటువద్ద నాపివేయుదురు. కావున యాత్రికులు ఆ యూర టీ త్రాగి, టైర్లు చూచుకొని, ప్రొద్దుండగనే బయలుదేరుదురు.

గడచిన మాఘమాసమున మేమును ఆ త్రోవనే పోయితిమి. పలకలకు పేరొందిన మార్కాపురము దాటిన పిమ్మట మా కారు ఎక్కిళ్ళు పట్టిన బిడ్డవలె కుదుపసాగెను. స్టీరింగు ముందు పసుపుపచ్చని ఇంజను గుర్తు మిణుకుచుండెను. దోర్నాలలో నొక మెకానిక్కు దుకాణముకడ నిలిపితిమి. “మూడు సిలిండర్లు పనిచేస్తూనే వున్నాయి వదినా, మెల్లగా ఎక్కుదాం” అని మా మరిది. సాయంకాలపు దర్శనము తప్పునేమోయని మా అత్తగారి యాత్రము.

మెకానిక్కు, “ఆ లైటు మిణుకుతుంటే ఎక్కకూడదమ్మా. కాలని పెట్రోలు సైలెన్సరు దారిలో పడి కన్వర్టరును కాల్చేస్తుంది. అడవి మధ్య ఆగితే పెద్దామెతో ఏం చేస్తారు?” అనెను. అత్తగారు క్షణ మాలోచించి, “స్వామి ఎక్కడికి పోతాడు? రేపు చూద్దాం, దిగండర్రా” అనిరి.

అతడు చిన్న యంత్రమును తగిల్చి చూడగా లోపము 3వ సిలిండరుదని తేలెను. ఒక్కొక్క సిలిండరుపై నొక కాయిలు, దాని క్రింద నొక ప్లగ్గు. బ్యాటరీ యిచ్చు 12 వోల్టులను కాయిలు వేలకొలది వోల్టులుగ పెంచును. ప్లగ్గు కొన నున్న సన్నని సందున ఆ విద్యుత్తు నిప్పురవ్వయై దూకి పెట్రోలు ఆవిరిని మండించును.

ఇంజను చల్లారిన పిదప అతడు బ్యాటరీ తీగ విప్పి, 3వ కాయిలును 1వ దాని చోటను, 1వ దానిని 3వ చోటను పెట్టెను. మరల తీగ తగిల్చి ఇంజను నడుపగా ఎక్కిళ్ళు 1వ సిలిండరునకు మారెను! రోగము కాయిలు వెంటనే నడచినది. ఊహతో పనిలేకయే దోషి దొరకెను. ప్లగ్గులు తీసి చూపగా వాని కొనలరిగి సందులు వెడల్పై యుండెను. సందు పెరిగినకొలది కాయిలు అధికముగా శ్రమించి చెడునట.

మార్కాపురమునుండి క్రొత్త కాయిలు బస్సులో వచ్చెను. బ్యాటరీ తీగ మరల విప్పి, గుంటలలోని దుమ్ము ఊదివేసి, నాలుగు క్రొత్త ప్లగ్గులను మొదట చేతితోనే త్రిప్పి, పిమ్మట మితముగ బిగించెను. అతిగా బిగించినచో అల్యూమినియపు మరలు చెడును. మంచి కాయిళ్ళు మూడింటిని మార్చక, ఒక్కదానికే డబ్బు తీసికొనెను. శిఖరేశ్వరము చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకెను. మరునాడు తెల్లవారుజామున అత్తగారికి కన్నులపండువుగ దర్శనమయ్యెను.

సోదరీమణులారా! వాహనము మగవారి వ్యవహారమని ఊరకుండకుడు. ప్లగ్గులు మార్చి యెన్ని కిలోమీటర్లైనదో ప్రయాణమునకు ముందే అడుగుడు. మార్చిన పాత సామాను చూపుమనుడు. ఇంజను గుర్తు మిణుకునప్పుడు, ఎవ రెంత తొందరించినను, “ఆపండి” అనుటకు వెనుదీయకుడు. బండిలో నున్నవారు మనవారే గదా!