షెడ్డు వచ్చింది, మోటారు కాలింది



మేం పాడేరు ఏజెన్సీ నుంచి వచ్చి విశాఖలో హాస్టల్లో ఉంటూ డిగ్రీ చదువుతున్న నలుగురం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

మొన్న ఎకనామిక్స్ క్లాసులో క్లస్టర్ల పాఠం. ఒకే పని చేసేవాళ్ళు ఒకచోట ఉంటే పనితనం ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందని ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే రాశాడట. "మరి ప్రభుత్వం డబ్బు పెట్టి క్లస్టర్ కడితే కొత్తదనం వస్తుందా?" అని సార్ అడిగారు. అందరూ ఫార్మా సిటీ, ఐటీ అన్నారు. మాకు మా కాఫీ గుర్తొచ్చింది. కానీ నోరు పెగల్లేదు. ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాం.

మా ఊళ్ళల్లో ఒకప్పుడు పండూ కాయా కలిపి దూసేసి, తొక్కతోనే ఎండబెట్టి సంతలో అమ్మేసేవాళ్ళు. పండినవే ఏరి, నీళ్ళలో వేసి తేలినవి తీసేసి, అదే రోజు తొక్క తీసి, పులియబెట్టి, కడిగి ఆరబెడితే పార్చ్‌మెంట్ అవుతుంది. దానికి రేటు ఎక్కువ.

మాకు దగ్గర్లో ఒక ఉమ్మడి యూనిట్ వచ్చింది. షెడ్డు కట్టారు, ఫొటోలు దిగారు. రెండో సీజన్‌లో మోటారు కాలిపోయింది. బాగుచేసే మనిషి లేడు. కోసిన పండు మర్నాటిదాకా ఆగదు కదా! మళ్ళీ తొక్కతోనే ఎండబెట్టారు. ఆ ఏడాది మాలో ఒకరి ఫీజు కోసం అమ్మ వెండి కడియాలు తాకట్టుకెళ్ళాయి.

తర్వాత మా అమ్మలు పక్క ఊరి సంఘం ఆడవాళ్ళు చేత్తో తిప్పే చిన్న పల్పర్ వాడటం చూసొచ్చి, చందాలేసుకుని ఒకటి కొన్నారు. మట్టి వాసన పట్టకుండా వెదురు తడికల మీద ఆరబెట్టడం వాళ్ళ సొంత ఆలోచన. మార్షల్ చెప్పింది ఇదే కదా అనిపించింది.

అలాగని ప్రభుత్వం అక్కర్లేదని కాదు. 2019లో అరకు కాఫీకి జీఐ గుర్తింపు వచ్చింది. ఆ పేరుకి తగ్గ నాణ్యత చూపాలంటే రుచి చూసి గ్రేడ్ చెప్పే ల్యాబ్, వేయించే పెద్ద యంత్రం కావాలి. అవి ఊరికొకటి పెట్టుకోలేం, ఉమ్మడిగానే ఉండాలి. 2018లో మొదలైన వన్ ధన్ పథకం లెక్కా అదే: 20 మంది చొప్పున 15 సంఘాలు, 300 మందికి 15 లక్షల వరకు సాయం. మనిషికి 5,000. ఆ డబ్బు గోడలకే పోతే కొత్తదనం రాదు. మన ఐటీఐ కుర్రాళ్ళకి రిపేరు నేర్పడానికీ, మన అమ్మలు ఇంకో ఊరు వెళ్ళి చూసి రావడానికీ కొంత ఉండాలి. ఏ యంత్రం కొనాలో తోటలో పనిచేసేవాళ్ళనే అడగాలి.

మీ ఊళ్ళో ఉమ్మడి యూనిట్ ఉంటే ఎలా నడుస్తోందో కింద రాయండి. వచ్చే క్లాసులో మేం లేచి మాట్లాడతాం.

జై ఆదివాసీ.