పయనమునుండి వచ్చువారు బిడ్డకేమి తేవలెను?

గోదావరిఖని, రామగుండము ప్రాంతములందలి గృహములలో దినచర్య యంతయు గనుల పాళీలనుబట్టి నడచుచుండును. ఇది గాక సింగరేణి యుద్యోగులు ప్రధాన కార్యాలయమున్న కొత్తగూడెమునకును హైదరాబాదునకును పనిమీద పోవుచుందురు. 2025లో ఒడిశాలోని నైనీ గనిలో బొగ్గుతీత ప్రారంభమైన పిమ్మట కొందరికి ఆ దూరప్రయాణమును తప్పకున్నది. ఉద్యోగము చేయు తల్లులకును ఇట్టి ప్రయాణములు కలవు. “నాకేమి తెస్తావు?” అని యడుగని పసిబిడ్డ యే యింట నుండును?

ఇంట లేని దినములకు వెలకట్టి చెల్లించునట్లు ఖరీదైన వస్తువు తెచ్చుట తగదని మా యభిప్రాయము. ఎక్కువ దినములకు పెద్ద బొమ్మ, తక్కువ దినములకు చిన్న బొమ్మ అను లెక్క యేర్పడినచో బిడ్డ తండ్రి ముఖము చూచుట మాని సంచిని చూడ నేర్చుకొనును. బిడ్డ మనసులోని ప్రశ్న వేఱు: “నీవెక్కడ నుంటివి? అక్కడ నేను జ్ఞాపకము వచ్చితినా?” మేమెఱిగిన యొక యింట 4 యేండ్ల పాప, తండ్రి తెచ్చిన బ్యాటరీ కారును రెండు దినములకే మూలబెట్టి, ఆయన జేబులోని బస్సుటిక్కెట్టును బలపముల డబ్బాలో దాచుకొన్నది. అది నాన్నతోకూడ ప్రయాణము చేసినది గదా!

కావున పోయిన చోటి గుర్తు గల వస్తువే మేలు. నిర్మల్ పోయినవారు పొనికికఱ్ఱతో చేసిన పండునో పక్షినో తేవచ్చును. చింతగింజల జిగురును రంపపుపొట్టును కలిపి బొమ్మ భాగముల నతికింతురని చెప్పినచో బిడ్డ దానిని మఱియొకసారి త్రిప్పి చూచును. రామగుండము ఎన్టీపీసీనుండి సింహాద్రి విద్యుత్కేంద్రమునకు పోవువారు, అదే అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱతో చేయు లక్కబొంగరమును తేవచ్చును.

వెలలేని కానుకలును గలవు. నైనీయున్న అంగుల్ జిల్లాలో సాలవృక్షములు కలవు. ఆ యాకు నొకటి పుస్తకములో నుంచి తెచ్చి, మన గోదావరిలోయ బొగ్గును, అక్కడి బొగ్గును కూడ సుమారు 25 కోట్ల యేండ్లకు పూర్వము పెరిగిన చెట్లనుండియే యేర్పడినవని చెప్పుడు. నాన్న దిగు గనిని బిడ్డ చూడలేదు. ఆకు చేతబట్టుకొని విన్నపుడు ఆ చీకటిచోటు కొంత తెలిసినట్లగును.

3 యేండ్లు నిండనివారికి నోటబట్టునంత చిన్న వస్తువులు, రంగు రాలు బొమ్మలు, గుండీవంటి బ్యాటరీలు గల యాటసామాను తేరాదు. ఇద్దరు బిడ్డలున్నచో వెల సమముగా నుండనక్కఱలేదు. ఎవరి యిష్టమేమో జ్ఞాపకముండిన చాలును.

సోదరీమణులారా! రైలు దిగి వచ్చినవారు అలసియుందురు. స్నానభోజనములైన పిమ్మట బిడ్డను వారి యొడిలో కూర్చుండబెట్టి ఆ వస్తువు కథ చెప్పించుడు. ఏమియు తేలేకపోయిన నాడు కథ యొక్కటియే చాలును.