కృత్తికల దాకా చాలు

గత ఏడాది మోకాలి శస్త్రచికిత్స జరిగి నేను ఇంటికే పరిమితమైనప్పుడు, మనవడు నా కంప్యూటర్‌లో ‘ఎలైట్ డేంజరస్’ అనే ఆట పెట్టాడు. 2014లో వచ్చిన ఈ ఆటలో మన పాలపుంత యావత్తూ ఉంది. సుమారు 40,000 కోట్ల నక్షత్ర వ్యవస్థలు. ఎటు వెళ్లాలో మనమే నిర్ణయించుకోవాలి.

“తాతయ్యా, గెలాక్సీ నడిబొడ్డుకు వెళ్దాం” అన్నాడు వాడు. అది దాదాపు 26,000 కాంతి సంవత్సరాల దూరం. దారిలో ఇంధనాన్ని నక్షత్రాల నుంచే నింపుకోవాలి. అన్ని రకాల నక్షత్రాలూ ఇంధనమివ్వవు. సేకరించిన సమాచారాన్ని ఏదైనా స్టేషన్‌లో అప్పగించేలోగా నౌక ధ్వంసమైతే అంతా పోయినట్లే.

నేను కృత్తికలను ఎంచుకున్నాను. సుమారు 440 కాంతి సంవత్సరాలు. చిన్ననాడు డాబా మీద పడుకున్నప్పుడు అమ్మ చూపించిన చుక్కలవి.

తొలిరోజు మూడు గంటలు కదలకుండా కూర్చున్నాను. లేచేసరికి పిక్క వాచి, బిగుసుకుపోయింది. శస్త్రచికిత్స తర్వాత కదలకుండా ఉంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చని, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయమని ఎందరికో చెప్పినవాణ్ణి! ఆ రాత్రే డాప్లర్ స్కానింగ్ చేయించుకున్నాను. గడ్డ లేదు, సిగ్గు మాత్రం మిగిలింది.

ఇప్పుడు అరగంటకొకసారి లేచి నడుస్తున్నాను. 20 నిమిషాలకోసారి, 20 అడుగుల అవతలి వస్తువును 20 సెకన్లు చూసి కళ్లకు విశ్రాంతినిస్తున్నాను. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుడితే మీరు ఆలస్యం చేయక వైద్యుణ్ణి కలవండి.

కృత్తికలు చేరడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. మనవడు నవ్వాడు. సమాచారం మాత్రం భద్రంగా తిరిగి తెచ్చాను.