మా వీధి కట్టడాలు – ఒక ఒప్పుకోలు

సికింద్రాబాదులోని మహాత్మాగాంధీ రోడ్డును మా పెద్దలు నేటికీ జేమ్స్ స్ట్రీటు అనే అంటారు. రోడ్డుకు పేరు మారినా, సమీపంలోని చిన్న రైల్వేస్టేషను పలక మీద పాత పేరు నిలిచే ఉన్నది. ఆ రోడ్డు వెనుక ఒక సందులో నేను పుట్టి పెరిగాను. బడికి వెళ్ళినా, విశ్వవిద్యాలయానికి వెళ్ళినా ఆ వీధి మీదుగానే నా నడక. అయినా ఆ వీధిని నేను ఏనాడూ చూడలేదని చెప్పుకొనుటకు సిగ్గుపడుతున్నాను.

గత సంవత్సరం తరగతిలో ఒక విద్యార్థిని లేచి, "సార్, ఈ పాత కట్టడాలన్నీ పరాయివాళ్ళవి కదా, వాటితో మనకేం పని?" అని అడిగింది. నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఆ ఆదివారం నలుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని, కొత్తగా ఊరికి వచ్చినవానివలె మా వీధిలో నడిచాను.

1798 నాటి ఒడంబడిక ప్రకారం ఇంగ్లీషు సైన్యం హుసేన్ సాగరానికి ఉత్తరాన గుడారాలు వేసుకొన్నది. 1806లో మూడవ నిజాం సికిందర్ జా పేర ఆ విడిదికి నామకరణం జరిగింది. సైన్యం వెంట వర్తకులు, వడ్డీవ్యాపారులు, దర్జీలు, తాపీపనివారు వచ్చారు. గుడారాల చోట గోడలు లేచాయి.

ఆ గోడలు ఎవరివి? ఈ రోడ్డు మీది పార్శీల అగ్నిమందిరం 1847 నాటిది. దానిని ప్రతిష్ఠించినవారు పెస్తన్‌జీ మెహర్‌జీ సోదరులు. నిజాం ప్రభుత్వానికే అప్పులిచ్చిన షావుకార్లు. గడియారపు బురుజుతో ఠీవిగా నిలిచిన పోలీసుస్టేషనును కట్టించినవారు దివాన్ బహద్దూర్ సేఠ్ రామగోపాల్. నూట ఇరవై అడుగుల క్లాక్ టవరును 1897 ఫిబ్రవరి 1న రెసిడెంటు ప్లౌడెన్ ప్రారంభించినా, అందులోని గడియారం ఒక స్థానిక సేఠ్ బహూకరణమే. ఈ వీధికి దాపునే ఉజ్జయినీ మహంకాళి ఆలయం ఉన్నది. సైన్యంలో పనిచేసిన సురిటి అప్పయ్య 1815లో అమ్మవారిని ప్రతిష్ఠించాడని ప్రతీతి.

అక్కడి నుండి మేము బస్సులో బేగంపేటకు వెళ్ళాము. పాయెగా ప్రభువు వికారుల్ ఉమ్రా తలపెట్టగా 1906లో పూర్తయిన మసీదు అక్కడున్నది. మనకు అలవాటైన గుమ్మటాలు దానికి లేవు. కోణాలు దేరిన శిఖరాలున్నాయి. దాని తోరణాలు స్పెయిన్ దేశపు కొర్దోబా మసీదును తలపిస్తాయి. అందుకే ప్రజలు దానిని స్పానిష్ మసీదు అంటారు. అయినా అందులో నమాజు చేసే మేము దానిని పరాయిదని ఏనాడూ అనుకోలేదు. ఆ ప్రశ్నకు సమాధానం నాకు అక్కడే దొరికింది. రూపం ఏ దేశం నుండి వచ్చినా, రాయి మన నేలది, చెమట మన కూలివారిది.

అయితే ఈ మాట చెప్పే అర్హత నాకున్నదా? అసలు సంగతి ఇక్కడ చెప్పాలి.

మా దాదాజాన్ కట్టించిన ఇల్లు ఒకటి మా సందులో ఉండేది. అది మద్రాసు టెర్రేసు మిద్దె. టేకు దూలాల మీద పలుచని ఇటుకలను నిలువుగా పేర్చి, డంగుసున్నంతో అతికి, దానిపై ఇటుకముక్కల కాంక్రీటు పరచి, కరక్కాయ, బెల్లం నానిన నీరు చల్లుతూ స్త్రీలు చెక్కబద్దలతో రోజుల తరబడి బాదారట. మా అబ్బాజాన్ గోడకు మేకు కొట్టనిచ్చేవారు కారు. "బేటా, సున్నం గాలి పీల్చుకుంటూ ఏటేటా గట్టిపడుతుంది. దాన్ని గాయపరచకు" అనేవారు.

ఆయన గతించిన తరువాత అన్నదమ్ములం ఇంటిని అమ్మదలిచాము. స్థలానికి వెల కట్టారు. మిద్దెకు ఎవరూ పైసా కట్టలేదు. నేను అడ్డు చెప్పలేదు, సంతకం చేశాను. కూలివారు రెండు రోజుల పని అన్నారు. కప్పు కూలడానికి వారం పట్టింది. ఆ వారమంతా నేను ఆ సందులోకి వెళ్ళలేదు. చివరి రోజున వెళ్ళి, సున్నం అంటుకొన్న ఇటుక నొకదానిని తెచ్చుకొన్నాను. అది నేటికీ నా బల్ల మీద ఉన్నది.

పరాయివారి కట్టడమని ఆ విద్యార్థిని ప్రశ్నించింది. మరి మా తాత కట్టించిన ఇంటిని నేనే పరాయిదానివలె చూశాను కదా! పెద్ద కట్టడాలను గూర్చి పలికేవారు ఎవరో ఒకరు ఉంటారు. సందులలోని మిద్దెలకు ఇంటివారు తప్ప దిక్కు లేదు.

విద్యార్థులారా, ఇల్లు అమ్మవలసిన అవసరాలు అందరికీ ఉంటాయి. వాటిని నేను నిందించను. కాని మీ ఇంటినో, పొరుగింటినో ఎవరు కట్టారు, ఏ సున్నంతో, ఏ కర్రతో కట్టారు అని పెద్దలను అడిగి వ్రాసి ఉంచండి. ఒక ఛాయాచిత్రం తీయండి. కళాశాల గ్రంథాలయంలో వాటికి ఒక బీరువా కేటాయించవలసిందిగా కార్యవర్గాన్ని సవినయంగా కోరుతున్నాను. అందులో మొదటి కాగితం మా ఇంటిది. దానికి ఛాయాచిత్రం లేదు. ఇటుక మాత్రమే ఉన్నది.