బంతి తెచ్చే తమ్ముడు

ఈసారి పోస్టు నోటిఫికేషన్ల గురించి కాదు, జీవో నంబర్ 3 గురించీ కాదు. మా ఊర్లో ఒక తమ్ముడి గురించి. కొంచెం పొడుగుంటది, ఓపిగ్గా చదవండి.

మాది పాడేరు ఏజెన్సీ. మేం అయిదుగురం తలో చోట హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నాం. సెలవులకి ఊరొస్తే సాయంత్రం నాలుగింటికల్లా వాలీబాల్ నెట్ కట్టాల్సిందే. తమ్ముడు మాలో ఒకడి పిన్ని కొడుకు. అప్పుడు వాడికి పదహారేళ్ళు. సర్టిఫికెట్‌లో మేధో వైకల్యం అని రాశారు. ఊర్లో ఎర్రోడు అంటారు. దాచడం దేనికి, మేమూ అన్నాం.

వాడు అయిదో తరగతితో బడి మానేశాడు. ఆవుల్ని తోలుకెళ్ళి ఒకదాన్ని పోగొట్టాడని ఆ పని కూడా చెప్పడం మానేశారు. పిన్ని పోడుకి పోయేటప్పుడు చోడి అంబలి గిన్నెలో పోసి, వాడిని లోపల ఉంచి, బయట గడియ పెట్టి పోయేది. ఆమెను తప్పు పట్టొద్దు. పక్కనే గెడ్డ ఉంది, వాడికి ఒకటి రెండుసార్లు ఫిట్స్ కూడా వచ్చాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడికి ఖాళీయే. అంత ఖాళీ ఉన్నోడికి ఆట అనేదే లేదు.

సాయంత్రం పిన్ని వచ్చి గడియ తీస్తే నేరుగా మా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాడు. బంతి కిందికి పోతే "తమ్ముడూ, బంతి!" అని అరిచేవాళ్ళం. వాడు నవ్వుకుంటా పోయి తెచ్చేవాడు. వాడినీ ఆడిస్తున్నాం కదా అని మాకు లోపల ఒక గొప్ప.

రెండేళ్ళ కింద మే నెలలో ఒకరోజు బంతి కాఫీ తోటలోకి దొర్లిపోయింది. వాడు దాని వెనకాల పోయాడు. మా దగ్గర ఇంకో బంతి ఉంది, దాంతో ఆడేశాం. మూడు గేములయ్యాయి, నెట్ విప్పేశాం, ఇళ్ళకి పోయాం. చీకటి పడ్డాక పిన్ని వచ్చి "బాబూ, మీ తమ్ముడేడి?" అని అడిగితే అప్పుడు గుర్తొచ్చింది.

సెల్ లైట్లు పట్టుకుని గెడ్డ వైపు కొందరం, తోటలోకి కొందరం పోయాం. ఆ గంట ఎలా గడిచిందో రాయలేం. సిల్వర్ ఓక్ చెట్ల కింద కొంచెం చదునుగా ఉన్న చోట దొరికాడు. బంతిని నేలకేసి కొడుతున్నాడు, పట్టుకుంటున్నాడు, నవ్వుతున్నాడు. తప్పిపోయానన్న సంగతే వాడికి లేదు. ఎన్నో ఏళ్ళుగా ఆ బంతి తెస్తున్నాడు గానీ, అది వాడి చేతిలో అంతసేపు ఎప్పుడూ లేదు. పిన్ని మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు వాడిని కోర్టు లోపల నిలబెట్టాం. వాడి సర్వీస్ నెట్‌కి దగ్గర నుంచి, చేత్తో విసిరినా చెల్లుతుంది. వాడి వంతు వచ్చినప్పుడు ఎవడూ లాక్కోకూడదు. అంతే రూలు. మొదట్లో విసుగొచ్చింది, నిజం చెప్పాలి. పక్క ఊరితో కోడిపుంజు పందెం మ్యాచ్ పడినప్పుడు వాడిని బయట కూర్చోబెట్టాం కూడా. ఓడిపోయాం. వాడు నాలుగు రోజులు మా వైపు రాలేదు. ఇంటికెళ్ళి బతిమాలుకోవాల్సొచ్చింది. అలిగేవాడికి ఏం తెలీదని ఎలా అంటాం?

మేం హాస్టళ్ళకి పోయేటప్పుడు ఊర్లో చిన్న కుర్రాళ్ళకి అప్పజెప్పాం. సంక్రాంతికి వచ్చి చూస్తే వాడే పాయింట్లు చెబుతున్నాడు. బళ్ళో రాని లెక్క పదిహేను దాకా వచ్చింది, మధ్యలో పన్నెండు ఎగిరిపోతది అంతే. తన వంతు కోసం ఆగుతున్నాడు. రాత్రిళ్ళు లేచి తిరగడం తగ్గిందంట. సంతలో పది రూపాయలిచ్చి పకోడీ తనే కొనుక్కుంటున్నాడు. ఇంకోటి మేం అనుకోనిది: సాయంత్రం రెండు గంటలు పిన్నికీ ఖాళీ దొరికింది. ఆమె పక్కింటోళ్ళ అరుగు మీద కూర్చుని మాట్లాడుతుంటే మేం చూడటం అదే మొదలు.

ఇదేం మా దయ కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 29వ సెక్షన్ సంస్కృతి, వినోదం గురించి, 30వ సెక్షన్ ఆటల గురించి ఉన్నాయి. మనోళ్ళకి నెలకి 6000 పింఛను సంగతి తెలుసు, ఇది తెలీదు. వరంగల్ జిల్లా కల్లెడకి చెందిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ టీ20 విభాగంలో. ఆమెను చూస్తే గర్వంగా ఉంటది. కానీ మా తమ్ముడు పతకం తేనక్కర్లేదు. మేం ఆడేది దేనికి? సరదాకి. వాడికీ అంతే చాలు.

ఒక జాగ్రత్త. ఫిట్స్ ఉన్నవాళ్ళని గెడ్డలో ఈతకి ఒంటరిగా వదలొద్దు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకి గుండె, మెడ ఎముకల ఇబ్బంది ఉండొచ్చు, డాక్టర్‌కి చూపించకుండా పల్టీలు కొట్టించొద్దు.

పోయిన ఏడు ఇటుకల పండగకి వాడు థింసాలోకి వచ్చాడు. మన థింసా సంగతి మీకు చెప్పేదేముంది. నడుం చుట్టూ చేతులేసి పట్టుకుంటాం కదా, అడుగు తెలీనోడిని రెండు పక్కలవాళ్ళే నడిపిస్తారు. కుందా థింసాలో భుజంతో భుజం తోస్తుంటే వాడు తప్పు వైపు తోశాడు. వరసంతా అటే ఊగింది, అందరూ నవ్వారు. వాడే ఎక్కువ నవ్వాడు. తుడుము ఆగినా వాడు ఆగలేదు.

ఆడపిల్లల విషయంలోనే మేం ఏం చెయ్యలేకపోయాం. పై వీధిలో ఇలాంటి చెల్లి ఒకతుంది, పదిహేడేళ్ళు. గడప దాటదు. వాళ్ళమ్మ భయం ఉత్తి భయం కాదు, మగపిల్లలం మేం పోయి "పంపించమ్మా" అంటే ఎలా పంపుతుంది? అందుకే పోయిన ఆదివారం పిన్నిని తీసుకెళ్ళాం. మేం బయట అరుగు మీద కూర్చున్నాం, లోపల వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. చివర్లో ఆ అమ్మ గుమ్మం దాకా వచ్చి మాతో కాదు, పిన్నితోనే అంది: "పండగ రోజు థింసాకైతే తెస్తాను వదినా. ఒక పక్క నేనుంటాను. రెండో పక్క నువ్వుండాలి, చెయ్యి వదలకూడదు."