ఇంట్లో మొదటి డిగ్రీ

కోవిల్‌పట్టి కరిసల్ నేలలో మా తాతలు పత్తి వేశారు. నాయన అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేశాడు. మేమెవరమూ కాలేజీ గడప తొక్కలేదు. తమిళనాడులో 2007 నుంచి ఇంజనీరింగుకు ప్రవేశ పరీక్ష తీసేసి, ప్లస్ టూ మార్కులే చాలన్నారు. కోచింగుకు డబ్బుల్లేని మా ఇంటికి అదే దారయింది. 2010లో, ఇంట్లో మొదటగా డిగ్రీ చదివేవాళ్ళకు ట్యూషన్ ఫీజు మాఫీ చేశారు. మా ఇంట్లో పట్టభద్రులు లేరని తాసిల్దారు దగ్గర కాగితం తెచ్చుకుని పెద్దమ్మాయిని చేర్చాం. "చదవనందుకు కూడా సర్టిఫికెట్టా!" అని అవ్వ నవ్వింది. అయితే ఆ మాఫీ ఇంటికి ఒక్కరికే. అక్క చదివింది కాబట్టి తమ్ముడికి రాలేదు. వాడి ఫీజు అక్క జీతంలోంచే కట్టాం. మన ఇళ్ళల్లో ఒకరు పైకొస్తే, వెనకవాళ్ళ బరువు వాళ్ళ మీదే పడుతుంది. ఈ సంగతి కూడా పిల్లలకు చెప్పి ఉంచాలి.